లంఖణంలో పాలు పోసిన టీ

నా నెత్తి చూసి బడిలో పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ. జ్వరం పోతూ పోతూ జుట్టంతా పట్టుకుపోయింది. ఇప్పుడిప్పుడే కోడిపిల్ల నూగులా మొలుస్తోంది. మనిషినంటూ మిగిలాను, అదే పదివేలు.

ఈ కార్తీకంలో మా ఊళ్ళో ఇంకో ఇద్దరు అదే జ్వరంతో పడ్డారు. వాళ్ళ వాళ్ళు పొద్దున లేస్తే మా అరుగు మీదే ఉంటున్నారు. "మేష్టారూ, మీకు టీ పట్టారంట గదా. మావాడికి పట్టమంటారా? పాలు పొయ్యాలా, వద్దా?" అని అడుగుతున్నారు. ఒక్కమాటలో చెప్పి పంపిద్దామంటే నాకు నోరు రావడం లేదు. ఆ పాల చుక్క దగ్గర మా ఇంట్లో జరిగింది అంత చిన్న సంగతి కాదు. అందుకని తీరిగ్గా కూచుని రాస్తున్నాను. రాస్తే నా గుండె కూడా కాస్త కుదుటపడుతుందేమో.

మా ఊరు నరసరావుపేటకి రెండు కోసుల దూరం. బోర్డు స్కూల్లో నేను రెండో మేష్టర్ని. ఇంట్లో ముగ్గురమే ఉంటాం, మా అమ్మ, నా భార్య సుభద్ర, నేను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాకొక అన్న ఉండేవాడు. ఆరేళ్ళ కిందట ఇదే జ్వరం వచ్చి పోయాడు. పద్నాలుగో రోజున ఆకలి, ఆకలి అని అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. వైద్యులు పెట్టొద్దన్నారని తెలిసీ అమ్మ తట్టుకోలేకపోయింది. రెండు ముద్దలు పెరుగన్నం కలిపి పెట్టింది. మర్నాటికి వాడి కడుపు ఉబ్బింది, ఆ మర్నాడు వాడు లేడు. అప్పట్నుంచి మా అమ్మ ఎవరింట్లో ఎవరు జ్వరపడ్డా వెళ్ళి గుమ్మంలో నిలబడి, "ఏమీ పెట్టబాకండి" అని చెప్పి వచ్చేస్తుంది. లోపలికి పోదు.

శ్రావణం మొదట్లో ఒకరోజు బడి నుంచి వస్తుంటే కాళ్ళు తేలిపోయినట్టనిపించింది. నాలుగు రోజులు మామూలు జ్వరమే అనుకున్నాం. ఐదో రోజు మా ఊరి వైద్యుడు ఆచారిగారొచ్చి నాడి చూసి, నాలుక చాపమని చూసి, ఇది మూడు వారాలు పట్టే జ్వరమన్నాడు. ఇరవై ఒక్క లంఖణాలు చెయ్యాలన్నాడు. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప నోట్లో ఏమీ పడకూడదు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విని, అప్పటికప్పుడు పొయ్యి మీది జావ గిన్నె తీసి పశువుల కుడితిలో పోసింది.

నేను ఊరుకోవచ్చుగదా. ఊరుకుంటే నేనెందుకవుతాను. గుంటూరులో ట్రైనింగు చదివేటప్పుడు నాకు టీ అలవాటైంది. ఇంట్లో అమ్మకి ఆ వాసన గిట్టదు, అందుకని పేటకి పోయినప్పుడల్లా హోటల్లో తాగొచ్చేవాణ్ణి. పడకలో ఉన్నా ఆ యావ పోలేదు. "ఆచారిగారూ, టీ అన్నా తాగొచ్చా?" అని అడిగాను.

ఆయన గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. "ఆకు కాచిన నీళ్ళే గదా, కషాయం కింద లెక్క. అల్లం ముక్కేసి కాచండి. చెమట పట్టిద్ది, తలబరువు తగ్గిద్ది. ఒంటికి మంచిదే. పాలు మాత్రం చుక్క పడగూడదు. పాలు పడితే ఆ ఆకు గుణమంతా చచ్చిపోద్ది. పైగా ఆహారం అయిద్ది. లంఖణం చెడిద్ది" అన్నాడు.

సుభద్ర పుట్టిల్లు సత్తెనపల్లి. వాళ్ళ నాన్న రైల్లో పనిచేసేవాడు. ఆచారిగారు అటు వెళ్ళగానే ఆమె అమ్మ దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా చెప్పింది. "అత్తయ్యా, మా నాన్నకి ఇదే జ్వరమొస్తే రైలు ఆస్పత్రిలో పాలల్లో నీళ్ళు కలిపి పట్టారు. నేను దగ్గరుండి చూశాను. ఉత్త నీళ్ళ మీద మనిషి ఎన్నాళ్ళు ఆగుతాడు?"

"మీ నాన్న ఒళ్ళు మీ నాన్నది, నా కొడుకు ఒళ్ళు నా కొడుకుది. ఒకణ్ణి తినబెట్టి పోగొట్టుకున్నా. ఇంకోణ్ణి తాగబెట్టి పోగొట్టుకోమంటావా ఏందమ్మాయ్?"

ఆ మాటకి ఎదురు చెప్పగలిగిన మనిషి మా ఊళ్ళో లేడు. 

టీ కాయడం సుభద్ర పనయింది. అమ్మకి వాసన పడదు గనక వెనక వసారాలో కుంపటి పెట్టుకుని అక్కడే కాచి, మూతున్న మరచెంబులో పోసి తెచ్చేది. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది. అల్లం ఘాటుకి చెమట పట్టేది, కళ్ళు తేటపడేవి. ఆచారి మహానుభావుడనుకున్నాను. ఆ తర్వాత సరదా తీరింది. ఏమీలేని కడుపులోకి ఆ నల్లటి నీళ్ళు దిగ్గానే గుండె దడదడలాడేది. ఎదురొమ్ములో నిప్పు పెట్టినట్టుండేది. కన్ను మూతపడేది కాదు. మానేద్దామంటే నాలుక ఒప్పుకోదు, ఆ మాత్రం రుచి కూడా లేకపోతే రోజెట్లా గడుస్తుంది? జ్వరంతో పాటు కోపం పెరిగింది. కిటికీకి దుప్పటి కట్టినందుకు కోపం, తీసినందుకు కోపం. సుభద్ర గాజులు గలగలమన్నా కసురుకునేవాణ్ణి. తొమ్మిదో రోజుకి మరచెంబు ఎత్తి పట్టుకునే ఓపిక లేకపోయింది.

ఆరోజు పొద్దున సుభద్ర నా తల కింద చెయ్యేసి ఎత్తి టీ తాగించింది. గొంతు దిగుతుంటే ఏదో మెత్తగా అనిపించింది. రెండో గుక్కకి తెలిసిపోయింది, పాలు. ఎక్కువ లేవు, ఒక చెంచాడు ఉంటాయేమో. తలెత్తి ఆమె మొహం వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు, గుమ్మం వంక చూస్తోంది. అమ్మ బయట అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతోంది.

"తాగండి" అంది సుభద్ర.

తాగాను.

తర్వాత చెప్పింది ఎట్లా చేసేదో. పొద్దున పితికిన పాలు కాచి చల్లార్చి, మీగడంతా తీసేసి, సగానికి సగం నీళ్ళు కలిపి, ఆ పాలు టీలో పోసేదట. మొదట చెంచాడు, రెండ్రోజులాగి రెండు చెంచాలు. నా కడుపు మీద చెయ్యేసి ఉబ్బరముందేమో చూసుకుని ఇంకాస్త పెంచేది. ఆమె అస్తమానం పొట్ట తడుముతుంటే ఏంది ఈమె సరసం అని విసుక్కున్నాను కూడా. వెధవ బుద్ధి.

పాలు పడ్డాక మంట తగ్గింది. గుండె దడ తగ్గింది. పగలు రెండు గంటలు నిద్ర పట్టింది. పదమూడో రోజుకి మరచెంబు నా చేత్తో నేనే పట్టుకున్నాను. అమ్మ గుమ్మంలోంచి అది చూసి, "చూశావా అమ్మాయ్, లంఖణం ఎట్టా పనిచేస్తందో" అని మురిసిపోయింది. నేనూ సుభద్రా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

చూసుకోకపోయినా నాకు తెలుసు ఆమె దేనికి తెగించిందో. నేను బతికితే అది లంఖణం మహిమ. పోతే మాత్రం, ఎప్పటికైనా బయటపడితే, పెళ్ళామే పాలు పోసి చంపిందని ఊరంతా అంటుంది. ఊరి సంగతి అట్లా ఉంచండి, మా అమ్మ అంటుంది. పిల్లల్లేని ఇరవై రెండేళ్ళ మనిషి ఆ మాట మోసుకుంటూ ఎక్కడ బతుకుతుంది? ఇదంతా తెలిసీ నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

అది పదహారో రోజు. యుద్ధం మూలంగా పంచదార కంట్రోలు కొట్లో కాస్తే దొరికేది, ఆ కాస్తా అయిపోయింది. ఇంట్లో బెల్లముంది గదా అని సుభద్ర బెల్లం ముక్క వేసి, పాలు పోసి, అంతా కలిపి మరిగించింది. వాళ్ళ పుట్టింట్లో పంచదార టీయే గాని బెల్లం టీ ఎప్పుడూ కాయలేదు. బెల్లంతో పాలు మరిగితే విరుగుతాయని తట్టలేదు పాపం. దించబోతుండగా అమ్మ దేనికో కేకేసింది. ఆ హడావిడిలో చూసుకోకుండా మరచెంబులో పోసి మూత పెట్టి తెచ్చింది.

జ్వరం కాస్త జారిందేమో, ఆరోజు నాకు ఆకలి మొదలైంది. మామూలు ఆకలా అది. గోడకున్న సున్నం కూడా నోరూరించేది. నోటినిండా ఒక గుక్క తీసుకున్నాను. ముక్కలు ముక్కలుగా తగిలింది, పుల్లగా ఏదో. తుపుక్కున పక్కన ఊసి, "ఏందిది, పాలు విరిగినయ్. ఇది టీ అనే ఇచ్చావా నాకు?" అని అరిచాను.

అరుపేం కాదు, అరిచే ఓపికెక్కడిది. కానీ అమ్మ గుమ్మంలోనే ఉంది.

లోపలికొచ్చింది. నా చేతిలోంచి మరచెంబు తీసుకుంది. వెనక వసారాలో వెలుతురుకి పోయి చూసింది. వేలు ముంచి, ఆ విరిగిన పాల ముక్క వేలి మీదికి తీసి చూసుకుంది. సుభద్ర గోడకి ఆనుకుని నిలబడింది. తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని అనుకున్నాను. మా అమ్మ నోరు మంచిది కాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని మాత్రం అడిగింది.

"తొమ్మిదో రోజు నుంచి అత్తయ్యా."

అమ్మ అక్కడే నేలమీద కూలబడింది. "వాడికేమన్నా అయితే నేను నిన్నేమీ అననమ్మాయ్. నువ్వే నాలాగా బతకాల్సొచ్చిద్ది" అంది.

ఆ మాట వింటూ మంచంలో పడున్నాను. పది తిట్లు తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అప్పట్నుంచి టీ కూడా బంద్. అమ్మ తన మంచం నా గదిలోకి తెచ్చుకుంది. ఆరేళ్ళుగా జ్వరం మనిషున్న గది గడప దాటని మనిషి, నా పక్కనే కూచుని లెక్కపెట్టినట్టు మూడు చెంచాల నీళ్ళు పోసేది. సుభద్రని లోపలికి రానివ్వలేదు. గుమ్మం అవతల ఆమె చీర చెంగు కనిపిస్తుండేది. మొదటి రోజు తెలివిగానే ఉన్నాను. రెండో రోజు మాట తడబడింది. పంతొమ్మిదో రోజు పొద్దున అమ్మ పిలిస్తే పలకలేదట. అన్న పేరు పెట్టి ఏదో గొణిగానట.

అప్పుడు సుభద్ర గడప దాటి వచ్చింది. ఇది నేను విన్నది కాదు, అమ్మే తర్వాత చెప్పింది. "అత్తయ్యా, పేట డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం. నేను చేసిందంతా ఆయనకి నేనే చెబుతా. ఆ పాలే ముంచినయ్యని ఆయనంటే మీరేం చేసినా పడతా. ఇట్టా చూస్తా కూచోవటం మాత్రం నా వల్ల కాదు" అందట. అమ్మ ఆమె మొహం వంక చూసి, లేచి వెళ్ళి పక్కింటివాళ్ళ బండి కట్టించింది.

బండి ప్రయాణం నాకు గుర్తులేదు. గడ్డి గుచ్చుకోవడం ఒక్కటి గుర్తుంది. తెలివొచ్చేసరికి డాక్టరుగారి వసారాలో బల్ల మీద ఉన్నాను. ఆ బల్ల మీద మాకు ముందొచ్చిన సాయిబు ఒకాయన కూచుని ఉన్నాడట, గిన్నెలకి కళాయి పూసే ముసలాయన. నన్ను చూడగానే లేచి నిలబడి, "ఇక్కడ పడుకోబెట్టమ్మా. నా వంతు కూడా మీరే తీసుకోండి. నావి మోకాళ్ళ నొప్పులు, రేపొచ్చినా ఇక్కడే ఉంటయ్ అవి, యాడికీ పోవు" అన్నాడట. వెళ్ళిపోతాడనుకుంటే వెళ్ళలేదు. తలగుడ్డ విప్పి, లోపలికి పిలిచిందాకా నాకు విసురుతూ నిలబడ్డాడు. మసిపట్టిన ఆయన వేళ్ళు నాకు బాగా గుర్తు. పేరడగలేదు. తర్వాత పేటలో రెండుసార్లు వెతికాను, దొరకలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డాక్టరుగారు ముందు మమ్మల్నే తిట్టారు. "ఈ జ్వరంలో మనిషిని గతుకుల బండిలో వేసుకొస్తారా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి గదా." పొట్ట నొక్కి చూశారు, గుండె విన్నారు. ఇన్నాళ్ళూ ఏం పట్టారని అడిగారు. అమ్మ చెప్పింది, నీళ్ళు, టీ. ఆయన నమ్మలేదు. "రెండు వారాలు నీళ్ళ మీదున్న మనిషి కాదమ్మా ఈయన. ఇంకేదో పట్టారు. చెప్పండి."

సుభద్ర చెప్పింది. చెంచాడుతో మొదలుపెట్టి రోజుకి ఎంతెంత పెంచిందో, మీగడ ఎట్లా తీసిందో, నీళ్ళెన్ని కలిపిందో, బెల్లంతో విరిగిన రోజుదాకా ఒక్కటి దాచకుండా చెప్పింది. 

"ఇక్కడిదాకా ఈయన్ని మోసుకొచ్చింది ఆ పాలే" అన్నారు డాక్టరుగారు. "మీరు ఆపిన మూడు రోజులే ముంచబోయినయ్."

"పాలు పడితే టీ గుణం చచ్చిపోద్దని ఆచారిగారన్నారు" అంది అమ్మ, చిన్నపిల్ల చెప్పినట్టు.

"నిజమే అయ్యుండొచ్చమ్మా. పాలు పోస్తే ఆకు చురుకు తగ్గిద్దేమో, నాకంత తెలియదు. తగ్గితే తగ్గనీ. ఖాళీ కడుపులో మంట పెట్టింది ఆ చురుకే గదా. టీ ఏం చేసిద్ది, కాసేపు లేపి కూచోబెట్టిద్ది. ఒంట్లో సత్తువ ఉండాలంటే పాలు పడాల్సిందే. పాలు తాగించటానికి టీ ఒక సాకు అయింది మీ కోడలికి. మంచి సాకే."

అమ్మ కదల్లేదు. మందు చీటీ రాస్తున్న ఆయన ఎదురుగా అట్లాగే నిలబడింది. నిలబడి అడిగింది, "అయితే బాబూ, మా పెద్దోణ్ణి నేను చంపుకున్నట్టా, లేనట్టా?"

సంగతేమిటని ఆయన అడిగి తెలుసుకున్నారు. కలం పక్కన పెట్టారు. "అన్నం పెట్టగూడదమ్మా ఆ రోజుల్లో. లోపల పేగులు పుండ్లు పడి ఉంటయ్. అది నిజం, నేను అబద్ధం చెప్పను. కానీ ముద్ద ముట్టకుండా పోయినవాళ్ళని కూడా చానామందిని చూశా ఈ చేతులతో. మీవాడు దేనివల్ల పోయాడో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఆకలన్న బిడ్డకి పెట్టారు. అది పాపమని మాత్రం నా నోటితో అనను."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న పోయినరోజు కూడా ఏడవని మనిషి, ఆ వసారాలో అందరి ముందూ గోడకి తల ఆనించి ఏడ్చింది. సుభద్ర వెళ్ళి వీపు మీద చెయ్యేస్తే ఆ చెయ్యి పట్టుకుని ఇంకా ఏడ్చింది.

మళ్ళీ బండెక్కించొద్దని డాక్టరుగారు తమ వెనక వసారాలోనే మాకు చోటిచ్చారు. భాద్రపదం సగం దాకా అక్కడే ఉన్నాం. పాలు, గ్లూకోజు నీళ్ళు, పళ్ళరసం, రోజుకి రెండుసార్లు పాలు ఎక్కువగా పోసిన పల్చటి టీ. టీ కాసేది ఎవరనుకున్నారు? మా అమ్మ. ముక్కుకి చెంగు కట్టుకుని కుంపటి ముందు కూచుని, "ఏమే సుభద్రా, ఇప్పుడు పొయ్యనా? ఎన్ని పొయ్యను?" అని అడుగుతూ కాసేది. బెల్లమైతే దించి కాస్త చల్లారాక వెయ్యాలని తనే కనిపెట్టింది. కనిపెట్టి పేటలో సగం మందికి చెప్పింది.

ఒక మధ్యాహ్నం అమ్మ లేనప్పుడు సుభద్రతో అన్నాను, ఆరోజు నేనట్లా అరవకుండా ఉండాల్సిందని.

"అరవటమే మంచిదైందిలెండి" అంది. "రోజూ పాలు పొయ్యబోయి రెండుసార్లు వెనక్కి తీసేదాన్ని. మీకు కడుపుబ్బినట్టు కలలొచ్చేవి. ఇంకో నాలుగు రోజులు దాచాల్సొస్తే నేనే మంచమెక్కేదాన్ని."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నీరసం వల్ల ఏడ్చానని తర్వాత చెప్పుకున్నాను గాని, కాదు.

ఆచారిగారు కూడా పేటకొచ్చి నన్ను చూసిపోయాడు. జరిగిందంతా విని, "మొత్తానికి నా మాట దాటి బతికావన్నమాట" అని నవ్వాడు. నాకాయన మీద కోపం లేదు. తనకి తెలిసింది తను చెప్పాడు. ఆ అల్లం టీ లేకపోతే పాలు పొయ్యడానికి చెంబే ఉండేది కాదు.

అరుగు మీదికొచ్చి అడిగేవాళ్ళకి ఇప్పుడు నేను చెప్పేది ఇదే. ఒంట్లో బాగున్నవాళ్ళు టీలో పాలు పోసుకున్నా, పోసుకోకపోయినా మీ ఇష్టం. గుణం చస్తుందో బతుకుతుందో పెద్దవాళ్ళు తేల్చుకుంటారు. జ్వరం మనిషికి మాత్రం ఉత్త టీ పట్టి మందు పట్టామని ఊరుకోబాకండి. డాక్టర్ని పిలిపించండి, ఏం పట్టాలో అడగండి, ఏం పట్టారో దాచకుండా చెప్పండి.

ఇంటికొచ్చాక, మెత్తగా ఉడికిన అన్నం పెట్టొచ్చని డాక్టరుగారు కబురు పంపారు. ఆరోజు అమ్మ తెల్లారకముందే లేచి తలస్నానం చేసింది. పాతబియ్యం వండింది. పెసరకట్టు కాచింది. కంచంలో వడ్డించి తెచ్చి, నా ముందు పెట్టబోయి ఆగి, సుభద్రకిచ్చింది.

"నువ్వు పెట్టమ్మాయ్. నా చెయ్యి వద్దు."

సుభద్ర కంచం తీసుకుంది. తీసుకుని మళ్ళీ అమ్మ చేతుల్లోనే పెట్టింది. "మీరే పెట్టాలి అత్తయ్యా" అని పక్కన కూచుంది.

అమ్మ చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది. మెతుకు మెతుకూ వేళ్ళతో నలిపింది. చివరికి గోలీకాయంత ముద్ద చేసి నా నోటిదాకా తెచ్చింది. నేను నోరు తెరిచి అందుకున్నాను, నమిలి మింగాను. అమ్మ నా గొంతు వంకే చూస్తూ కూచుంది.

"దిగిందా నాయనా?" అంది.

"దిగిందమ్మా."

ఇంకో ముద్ద కలిపింది.